రీబస్ నవలలు: అయిదోదానితో మొదలుపెట్టండి

స్కాట్లండ్ రచయిత ఇయాన్ రాంకిన్ రాసిన, ఎడిన్‌బరో పోలీసు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ రీబస్ నవలలు ఏళ్ల తరబడి చదువుతున్నాను, కొన్నింటిని రెండోసారి కూడా. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నేను చెప్పే మాట వరస తప్పని అభిమానులకు మింగుడుపడదు: 1987 నాటి ‘నాట్స్ అండ్ క్రాసెస్’తో మాత్రం వద్దు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ రాంకిన్ రాసిన నవల అది. అందులో రీబస్ ఇంకా కుదురుకోలేదు. అతను రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ అభిమాని అన్న సంగతి కూడా రచయితకు అప్పటికి తోచినట్టు లేదు.

1993లో వచ్చిన ‘ద బ్లాక్ బుక్’ పట్టుకోండి. రీబస్‌తో పనిచేసే డిటెక్టివ్ షివాన్ క్లార్క్ వచ్చేది అందులోనే, నేరసామ్రాట్టు కాఫర్టీ పూర్తిగా రూపుకట్టేదీ అందులోనే. వీళ్లిద్దరూ లేని రీబస్ సగం రీబసే. అక్కణ్ణుంచి మాత్రం ప్రచురణ క్రమం తప్పొద్దు. ఈ మనిషికి మనతో పాటే వయసు మీద పడుతుంది. మొదటి నవలలో నలభై ఏళ్లవాడు, 2007 నాటి ‘ఎగ్జిట్ మ్యూజిక్’లో అరవై నిండి పదవీ విరమణ చేస్తాడు. ఆర్డెన్ స్ట్రీట్‌లో పై అంతస్తు ఫ్లాటు, కిటికీ పక్కన కుర్చీ, విస్కీ, ఎల్పీ రికార్డులు, ఇవన్నీ మనకు అలవాటైపోయాక, ‘ఎ సాంగ్ ఫర్ ద డార్క్ టైమ్స్’లో ఊపిరితిత్తులు సహకరించక, మెట్లెక్కలేక, అదే భవనంలో కింది వాటాలోకి దిగిపోతాడు. వరసగా చదవనివాళ్లకు అది ఉత్త ఇల్లు మారడమే.

ఒక్కటే చదువుతానంటే ‘బ్లాక్ అండ్ బ్లూ’. 1997లో నేర నవలలకిచ్చే గోల్డ్ డాగర్ పురస్కారం గెలిచింది. అరవైల చివర గ్లాస్గోలో ముగ్గురు స్త్రీలను చంపి, ఎన్నడూ దొరకని ‘బైబిల్ జాన్’ నిజంగా జరిగిన కథ. అతణ్ణి అనుకరించే హంతకుణ్ణి కల్పించి, ఆ అసలు మనిషి కూడా ఈ అనుకరణగాడి కోసం వెతుకుతున్నట్టు అల్లాడు రాంకిన్. అబర్డీన్ చమురు కంపెనీల లోకం అదనం.

నాకు మాత్రం ‘ద ఫాల్స్’ ఎక్కువ ఇష్టం. 1836లో నిజంగానే ఎడిన్‌బరోలోని ఆర్థర్స్ సీట్ కొండ మీద కుందేళ్ల వేటకు వెళ్లిన కుర్రాళ్లకు ఒక గుంటలో పదిహేడు బుల్లి శవపేటికలు దొరికాయి. ఒక్కోటి అరచేతిలో ఇమిడేంత. లోపల బట్టలు తొడిగిన చెక్కబొమ్మ. వాటిలో ఇప్పటికి మిగిలినవి ఎనిమిదే, ఎడిన్‌బరో మ్యూజియంలో ఉన్నాయి. ఎవరు చేశారో, ఎందుకు పాతిపెట్టారో నేటికీ తేలలేదు. నవలలో ఓ విద్యార్థిని మాయమైన కేసులో అలాంటి పేటిక ఒకటి బయటపడుతుంది. ముగింపు కాస్త లాగినట్టుంటుంది గానీ, ఆ పేటికల కోసం క్షమించవచ్చు.

చాలామంది దాటేసేవి మాల్కమ్ ఫాక్స్ నవలలు రెండు: ‘ద కంప్లెయింట్స్’ (2009), ‘ది ఇంపాజిబుల్ డెడ్’ (2011). రీబస్ లేడు కదా అని వదిలేస్తారు. పోలీసుల మీదే విచారణ జరిపే పోలీసు ఫాక్స్. మద్యం ముట్టడు, నెమ్మదస్తుడు. 2012లో రీబస్ తిరిగొచ్చినప్పుడు అతని వెంటపడేది ఈ ఫాక్సే. ముందు ఆ రెండూ చదివితే ఎవరి పక్షం వహించాలో తెలియక మనం నలిగిపోతాం. చదవకపోతే ఫాక్స్ ఒట్టి కంటగింపు అధికారి.

తొలి నాలుగింటిని మధ్యలో ఎప్పుడైనా వెనక్కి వెళ్లి చదవండి. లండన్‌లో జరిగే ‘టూత్ అండ్ నెయిల్’ చివరికి ఉంచినా నష్టం లేదు. ఎడిన్‌బరో దాటితే రాంకిన్ గద్యంలో పదును తగ్గుతుంది. ఇక 2022, 2024 నవలల దగ్గరికి వచ్చేసరికి వెనక అట్ట మీద రాసింది మాత్రం చదవకండి. అంతకు ముందు వచ్చిన నవల గుట్టంతా రెండు వాక్యాల్లో బయటపెట్టేస్తారు.