డబుల్ బెడ్రూం ఇంట్లో రెండేళ్లు: ఇల్లు బాగుంది, టెన్షన్ అంతా లిఫ్ట్‌తోనే

గదులెన్ని, వంటగది ఎంత, 560 చదరపు అడుగుల్లో ఏమేం పడతాయి అన్నవి అందరికీ తెలిసినవే. వీడియోల్లో కూడా చూసే ఉంటారు. అవన్నీ వదిలేసి లిఫ్ట్ గురించి రాస్తాను.

పేదలకు ప్రభుత్వం కట్టించి ఇచ్చే డబుల్ బెడ్రూం ఇళ్లకు 2023లో తీసిన డ్రాలో మా పేరు వచ్చింది. అంతకు ముందు పదకొండేళ్లు సికింద్రాబాద్‌లో ఒక బస్తీలో, ఒకే గదిలో అద్దెకున్నాం. నెలకు 6,500, నీళ్లకు వేరే. మా ఆయన ఆటో నడుపుతారు. నేను బ్లౌజులు కుడతాను. అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు సరిగా పడదు. కొత్త ఇల్లు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. కింద బండ్లు పెట్టుకునే స్టిల్ట్, పైన తొమ్మిది అంతస్తులు, మాకు ఏడోది పడింది. ఇల్లు నా పేరు మీద ఇచ్చారు. మొదటి రాత్రి లోపల గడియ పెట్టి చాలాసేపు ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను. దాన్ని కొట్టి ఖాళీ చేయమనే మనిషి ఇక లేడు.

కొత్తలో ఫోన్ చేసినవాళ్లందరికీ ఒకటే చెప్పాను: ఏడో అంతస్తయితే ఏంటి, లిఫ్ట్ ఉంది, గాలి వస్తుంది, దోమలు లేవు, నెలనెలా అద్దె మిగులుతుంది అని. మనస్ఫూర్తిగానే అన్నాను. అప్పటికి ఇంకా వానాకాలం రాలేదు.

మా బ్లాకుకు రెండు లిఫ్టులు. ఒకటి మేము చేరిన మూడో నెలకే ఆగిపోయింది. రెండోది నడుస్తోంది కదా అని ఎవరం పట్టించుకోలేదు. 2024లో ఇంకో వారంలో శ్రావణం అనగా రాత్రంతా వాన పడింది. లిఫ్ట్ కింద ఉండే గుంతలోకి నీళ్లు చేరాయి. పొద్దున బటన్ నొక్కితే లైటు వెలిగింది గానీ లిఫ్ట్ కదల్లేదు. నీళ్లు తోడించడానికే రెండు రోజులు పట్టింది. మెకానిక్ వచ్చి చూసి లిఫ్ట్‌ను నడిపించే కరెంటు బోర్డు పోయిందన్నాడు. లిఫ్ట్ పెట్టినవాళ్లు వారంటీ గడువు అయిపోయిందన్నారు. ఇళ్లిచ్చిన ఆఫీసుకు వెళ్తే, అది కాలనీ వాళ్లు చూసుకోవాల్సిందే అన్నారు. కాలనీకి అప్పటికి సంఘమే లేదు. మొత్తం 23 రోజులు మెట్లే.

పదో రోజున అత్తమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో నడుముకు కట్టి, పక్క ఇళ్ల పిల్లలు నలుగురు పట్టుకున్నారు. ఐదో అంతస్తు మలుపులో కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. ఆమె అరవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అంతే. సాయంత్రం మళ్లీ అట్లాగే పైకి తెచ్చాక మంచం మీద పడుకుని, "ఇగ నన్ను దించకు బిడ్డా, మందులు ఇంటికే తేండి" అంది. తర్వాత లిఫ్ట్ బాగైనా దసరా దాకా ఆమె గడప దాటలేదు. లోపలి నుంచి నేను గడియ పెట్టుకుని సంతోషపడిన ఇంట్లోనే ఆమె రెండు నెలలకు పైగా బందీ అయింది.

నా పని సంగతీ అంతే. బస్తీలో ఉన్నప్పుడు శ్రావణానికి 60 బ్లౌజుల దాకా వచ్చేవి. ఇక్కడ అప్పుడప్పుడే నాలుగు బ్లాకుల ఆడవాళ్లు అలవాటవుతున్నారు. ఏడంతస్తులు ఎక్కి కొలతలు ఇవ్వడానికి ఎవరొస్తారు? బాల్కనీ నుంచి తాడుకు సంచి కట్టి దించేదాన్ని. వాళ్లు బట్ట, ఆది జాకెట్టు అందులో వేస్తే పైకి లాక్కునేదాన్ని. కుట్టినవి మళ్లీ అట్లాగే కిందికి. బిగుతైందనో, చేతులు పొడుగయ్యాయనో అంటే ఇంకోసారి సంచి. ఆ నెలలో 14 బ్లౌజులు కుట్టాను.

చివరికి బోర్డుకు, మోటారు పనికి కలిపి 47,000 అన్నారు. బ్లాకులో 90 ఇళ్లు, వాటిలో 31కి తాళాలే. మిగిలిన 59 ఇళ్లు తలా 800 వేసుకున్నాయి. తాళాలు వేసినవాళ్ల మీద అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడంత లేదు. వాళ్లలో చాలామందికి పని, పిల్లల బడి పాత బస్తీల్లోనే ఉన్నాయి. మా ఆయన ఆటో స్టాండ్ కూడా సికింద్రాబాదే. వారంలో మూడు రాత్రులు అక్కడే తమ్ముడింట్లో పడుకుంటారు. అద్దె మిగిలిందని నేను వేసిన లెక్కలో సగం ఆటో గ్యాస్‌కే పోతోంది.

భోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 2015లో కట్టిన 396 డబుల్ బెడ్రూం ఇళ్లు చూసి వచ్చాను. పాత ఇళ్లు తీసేసి అక్కడే కట్టారు, గ్రౌండ్ మీద రెండంతస్తులే. అక్కడ పనీ పోలేదు, లిఫ్ట్ గొడవా లేదు. కానీ నగరానికి లక్ష ఇళ్లు అనుకున్నాక బస్తీల్లో అంత జాగా ఎక్కడిది? ఊరి చివర కట్టాలి, ఉన్న జాగాలో పైకి లేపాలి. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు వచ్చాయంటే అట్లా కట్టబట్టే. అది తప్పని నేను అనను, ఆ లెక్కలోనే నాకూ ఇల్లు వచ్చింది. కానీ ఇల్లు ఒకసారి కట్టి ఇస్తే అయిపోతుంది, లిఫ్ట్‌కు ప్రతి నెలా డబ్బు కావాలి. కాలనీలో దుకాణాలు కట్టి, ఆ అద్దెతో ఇట్లాంటి ఖర్చులు చూడాలన్న ఆలోచన మంచిదే. మా దగ్గర షట్టర్లు ఇంకా తెరవలేదు. ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. అది ముందుగా సొంత జాగా ఉన్నవాళ్లకు. జాగా లేని మాలాంటి వాళ్లకు నగరంలో అంతస్తుల ఇల్లే వస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు సంఘం పెట్టుకున్నాం. నెలకు ఇంటికి 150. మూడో అంతస్తులో ఉండే రిటైరైన ఎలక్ట్రీషియన్ పెద్దాయన నోటుబుక్కులో రాస్తారు. లిఫ్ట్ గుంతలో చిన్న పంపు కూడా ఆయనే పెట్టించారు. నిరుడు వానల్లో లిఫ్ట్ ఆగింది నాలుగు రోజులే. రెండో లిఫ్ట్ మాత్రం ఇంకా అట్లాగే ఉంది.

పాత బస్తీ నుంచి ఎవరైనా, తీసుకోవాలా వద్దా అక్కా అని అడిగితే, ఇంట్లో మెట్లెక్కలేని మనిషి ఉన్నారా, మీ పని ఇంట్లోనా బయటా అని అడుగుతాను. మిషన్ ముందు కూర్చుని చేసే పని కాబట్టి నాకు కుదిరింది, మళ్లీ ఇచ్చినా తీసుకుంటాను. ఇదే మాట మా ఆయనను అడిగితే ఆయన వెంటనే ఔననలేరు. అత్తమ్మ రోజూ ఐదింటికి కిందికి దిగి వేపచెట్టు దగ్గర కూర్చుంటుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం దిగదు.