నొక్కితే ఏమీ కాదు: ఎన్‌వీడీఏ ఇన్‌పుట్ హెల్ప్ గురించి

తెర మీదున్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితమని, దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టాడని, అలాంటిదే అయిన ఖరీదైన జాస్ కొనే స్తోమత లేని మనలాంటి వాళ్లను ఆదుకున్నది అదేనని ఇది చదివేవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. నేను రాస్తున్నది అందులోని ఒకే ఒక్క సదుపాయం గురించి. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్) పట్టుకుని 1 నొక్కితే వచ్చే ఇన్‌పుట్ హెల్ప్. యాభై దాటాక చూపు పోయినవాళ్లకు కంప్యూటర్ నేర్పడం నా పని, నాకూ చూపు లేదు. ఇన్నేళ్లలో ఈ పనిలో దీన్ని మించిన తోడు నాకు దొరకలేదు. దీని మీద వచ్చినంత కోపమూ ఇంకదేని మీదా రాలేదు.

పుట్టుకతో చూపులేని పిల్లలకు కీబోర్డంటే బెరుకు ఉండదు. నీటికాసుల వల్లనో మధుమేహం వల్లనో చూపు పోగొట్టుకున్న పెద్దవాళ్ల సంగతి వేరు. ఒక్క కీ తప్పు పడితే ఏమవుతుందో వాళ్లు కళ్లతో చూసి ఉన్నారు. బ్యాంకులోనో ఆఫీసులోనో ఫైలు మాయమై తిట్లు తిన్నవాళ్లూ ఉంటారు. అందుకే చేతులు కీబోర్డు మీద పెట్టమంటే వేళ్లు గాలిలోనే ఆగిపోతాయి. 'ఏదైనా పోతుందేమో మాస్టారూ' అన్న మాట వినకుండా నా మొదటి పాఠం ఎన్నడూ గడవలేదు.

ఇన్‌పుట్ హెల్ప్ పెట్టామా, ఆ భయానికి చోటే లేదు. ఏ కీ నొక్కినా పేరు చెబుతుంది, పని మాత్రం చేయదు. డిలీట్ నొక్కినా ఏదీ చెరగదు, ఎంటర్ నొక్కినా ఏదీ తెరుచుకోదు. ఎన్‌వీడీఏ కమాండ్ నొక్కితే అది దేనికో కూడా వివరిస్తుంది. స్టాండు వేసిన స్కూటరు మీద గేర్లు నేర్చుకున్నట్టే. ఎఫ్, జే కీల మీది చిన్న గీతలు వేళ్లకు తగిలించి, ఇక్కడి నుంచి మీ ఇష్టం అని వదిలేస్తాను. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నన్ను గది బయటికి పంపించి మరీ కీబోర్డంతా తడుముకున్నారు. లోపలికి వెళ్లేసరికి ఎస్కేప్ నుంచి ఎఫ్12 దాకా వరసగా ఒప్పజెప్పారు. ఆ ఆనందంలో ఈ సదుపాయాన్ని నేను కనిపించిన వాళ్లందరికీ పొగిడాను.

ఇక దస్తావేజు లేఖరి గారి సంగతి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు జీవితమంతా రాసిన చెయ్యి ఆయనది. చూపు పోయాక మా దగ్గర టైపింగ్ నేర్చుకుని ల్యాప్‌టాప్ కొనుక్కున్నారు. ల్యాప్‌టాప్‌లలో ఇన్సర్ట్ ఏ మూలన ఉంటుందో చెప్పలేం కాబట్టి క్యాప్స్ లాక్‌నే ఎన్‌వీడీఏ కీగా పెట్టి పంపాను. ఒకనాడు ఆయన ఏదో అర్జీలో సర్వే నంబరు టైపు చేస్తున్నారు. 'ఏ' అక్షరం కీ మీద ఉండాల్సిన చిటికెన వేలు పక్కకు జరిగి క్యాప్స్ లాక్ మీద కూర్చుంది. ఇంకో వేలు 1 మీద పడింది. ఆ క్షణం నుంచి కీబోర్డు ప్రతి అక్షరం పేరూ పలుకుతోంది, తెర మీద మాత్రం ఏదీ పడటం లేదు. వాళ్ల అబ్బాయి వచ్చి చూశాడు. మూత వేసి, తీసి మళ్లీ చూశాడు, అదే వరస. నాకు ఫోను చేయకుండా నేరుగా రిపేరు షాపుకు పట్టుకెళ్లాడు.

మూత వేస్తే కంప్యూటర్ నిద్రపోతుందే తప్ప ఆగదు. పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఇన్‌పుట్ హెల్ప్ తనంతట తానే పోతుంది. షాపులో చేసింది అంతకు మించి ఏమీ లేదని నా నమ్మకం. కానీ కీబోర్డు కాలిపోయిందన్నారు, రెండు రోజులు ఉంచుకున్నారు, కొత్తది వేశామని డబ్బు తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆ 'కొత్త' కీబోర్డుకూ అదే జబ్బు వచ్చింది. ఈసారి మాత్రం ఆయన నాకు ఫోను చేశారు. అవతల నుంచి 'ఎస్', 'ఎంటర్', 'స్పేస్' అని ల్యాప్‌టాప్ పలకడం నాకు వినబడుతూనే ఉంది. 'క్యాప్స్ లాక్ పట్టుకుని 1 నొక్కండి' అన్నాను. 'ఇన్‌పుట్ హెల్ప్ ఆఫ్' అంది. కాసేపు మాట లేదు. తరువాత ఆయన నెమ్మదిగా, 'మాస్టారూ, ఎంటర్ మీద మీరు అంటించిన చుక్క ఇంకా ఇక్కడే ఉందండీ' అన్నారు. గుర్తు కోసం మా సెంటర్లో అంటించే గట్టి చుక్క అది. కొత్త కీబోర్డు మీదికి అది నడిచి రాలేదు కదా!

షాపు మీద కోపం సరే. సాఫ్ట్‌వేర్ మీద కూడా ఉంది. ఇన్‌పుట్ హెల్ప్ ఆన్ అయినప్పుడు ఆ మాట ఒక్కసారే చెబుతుంది. టైపింగ్ జోరులో ఉన్నవాళ్లకు తరువాతి కీ పేరు దాన్ని మింగేస్తుంది. ఆ పైన బీప్ ఉండదు, మళ్లీ గుర్తు చేయదు. మనిషి తలుపు తట్టి అడగడానికి పక్కన ఎవరూ లేకపోతే, నేర్పడానికి పెట్టిన ఈ మోడే ఉచ్చు అవుతుంది.

అప్పటి నుంచి నా పొగడ్తలో కొంచెం తగ్గింది. ఇది ఎన్‌వీడీఏ ఒక్కదాని గొప్ప కూడా కాదు. జాస్‌లో ఇన్సర్ట్‌తో 1 నొక్కితే ఇలాంటిదే వస్తుంది. ఐఫోన్‌లో తెర చదివి వినిపించే వాయిస్‌ఓవర్‌లో నాలుగు వేళ్లతో రెండుసార్లు తడితే సాధన మోడు మొదలవుతుంది. పైగా ఇది కీల పేర్లు నేర్పుతుంది, తెర మీద ఏం జరుగుతుందో నేర్పదు. భయం పోయాక కూడా కొందరు ఇందులోంచి బయటికి రారు. వాళ్లను మొదటి వారంలోనే నోట్‌ప్యాడ్‌లోకి నెట్టేస్తున్నాను. వివరణలూ ఇంగ్లీషులోనే వస్తాయి, ఎందుకంటే మేం ఇంటర్‌ఫేస్‌ను ఇంగ్లీషులో ఉంచాం. తెలుగు మీడియం వాళ్లకు ప్రతి వాక్యం నేను మళ్లీ చెప్పాలి.

ఇళ్లకు పంపే ల్యాప్‌టాప్‌లలో రెండు పనులు చేస్తున్నాను. ప్రిఫరెన్సెస్‌లోని ఇన్‌పుట్ జెస్చర్స్‌కు వెళ్లి ఇన్‌పుట్ హెల్ప్‌ను 1 మీది నుంచి తప్పించి, పొరపాటున పడని కలయిక పెడుతున్నాను. టూల్స్‌లో స్పీచ్ వ్యూయర్ తెరిచి, ప్రతిసారీ తనంతట తెరుచుకునేలా టిక్ పెడుతున్నాను. ఎన్‌వీడీఏ పలికిందంతా అందులో అక్షరాల్లో కనబడుతుంది. చూపున్న ఇంటివాళ్లు షాపుకు పరుగెత్తే ముందు కనీసం అది చదువుతారు. ఇబ్బంది ఏమిటంటే, 1 మార్చిన మనిషి ఇంకో సెంటర్‌కు వెళితే అక్కడి పాఠాలన్నీ 1 మీదే ఉంటాయి.

నేను పక్క గదిలో ఉండి, పిలిస్తే పలికే చోట నేర్పుతాను. ఆ పరిస్థితుల్లో ఇన్‌పుట్ హెల్ప్ లేకుండా మొదటి వారం గడపడం నా వల్ల కాదు. ఊళ్లో ఒంటరిగా, ఆడియో పాఠాలు విని నేర్చుకునేవాళ్లకైతే, ఎవరైనా వచ్చి పై రెండూ సర్దే దాకా దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను. దస్తావేజు లేఖరి గారి ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంకా 1 మీదే ఉంది. మారుస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. ఈ మధ్య అదే షాపుకు ఆయనే వెళ్లి చుక్క చూపించి డబ్బు అడిగారట. సగం ఇచ్చారు.