చినూకా, బ్రౌన్ ట్రౌటా: పరాయి సముద్రంలో ఏది మేలు?

"సార్, సాల్మనూ ట్రౌటూ రెండూ తెచ్చి వదిలినవే కదా, రెండిట్లో ఏది మేలు?"

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ, పరాయి జాతుల పాఠం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. మొదట్లో "రెండూ చేటే, రాసుకోండి" అని దాటేసేవాణ్ణి. ఈ మధ్య పోటీ పరీక్షల టెన్షన్‌లో ఉన్న పాత విద్యార్థులు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు రాసి పెట్టేస్తే నయం అనిపించింది.

కూరకు ఏది మేలని అడిగేవాళ్లకు నా జవాబు చిన్నది: మాగ. "ఇండియన్ సాల్మన్" అని బోర్డు పెట్టి అమ్మేది దాన్నే. దానికీ అసలు సాల్మన్‌కూ ఏ చుట్టరికమూ లేదు. పులుసుకు మాత్రం దాన్ని మించింది లేదు.

ఇక సముద్రం సంగతి. ఇక్కడ మేలు అంటే మంచి చేసేది అని కాదు. మనిషి తెచ్చి నదిలో వదిలాడు, అది తనంతట తాను సముద్రంలోకి దిగింది. అక్కడ ఎవరు ఎవరిని తిని బతుకుతారన్న అల్లికలో, అంటే ఆహార జాలకంలో, తక్కువ చెరుపు చేసేది ఏది, అన్నదే ప్రశ్న.

పోటీ ముఖ్యంగా రెండింటి మధ్యే. ఒకటి చినూక్ సాల్మన్, ఉత్తర పసిఫిక్ చేప. 1901 నుంచి 1907 వరకు దాని గుడ్లను కాలిఫోర్నియా నుంచి తెప్పించి న్యూజిలాండ్ దక్షిణ దీవిలో పొదిగించారు. ఇప్పుడు ఆ దీవి తూర్పు తీరంలో వైటాకి, రంగిటాటా, రకాయా, వైమకరిరి నదుల్లోకి అది సముద్రం నుంచి ఎక్కుతుంది. చిలీలో 1970ల చివర, 80లలో వదిలినవి దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియా అంతా పాకాయి. ఖండానికి అవతలి వైపు, అర్జెంటీనాలో అట్లాంటిక్‌లో కలిసే నదుల్లో కూడా చినూక్ కనిపిస్తుంది.

రెండోది బ్రౌన్ ట్రౌట్, యూరప్‌ది. దీని కథ నాకు భలే ఇష్టం. 1864లో నార్ఫోక్ అనే ఓడలో, నాచులో చుట్టి ఐసు గదిలో పెట్టి, ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవికి చేప గుడ్లు పంపారు. ఆశంతా అట్లాంటిక్ సాల్మన్ మీదే. ట్రౌట్ గుడ్లు కొసరుగా కాసిని వేశారు. సాల్మన్ పిల్లలు పెరిగి సముద్రంలోకి వెళ్లాయి, మళ్లీ తిరిగి రాలేదు. కొసరుగా వేసిన ట్రౌట్ నిలబడిపోయింది. 1867లో టాస్మేనియా నుంచి న్యూజిలాండ్‌కు కూడా వెళ్లింది.

ఈ రెండిటినీ పోల్చేటప్పుడు అందరూ చూసేది సైజు. చినూక్ పది కిలోలకు పైగా పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ తింటుంది, కాబట్టి ఎక్కువ చెరుపు. పరీక్షలో ఈ జవాబు రాసిన పిల్లలకు నేనే ఒకప్పుడు మార్కులు వేశాను. ఇప్పుడైతే సగం కోసేస్తాను. ఎంత తింటుంది అన్నదాని కంటే ఎక్కడ కూర్చుని తింటుంది అన్నది ముఖ్యం.

పులికాట్ సరస్సు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సరస్సంతా డీలా పడుతుంది. రొయ్య పిల్లలు సముద్రం నుంచి లోపలికి వచ్చేది ఆ దారినే, పెరిగి బయటికి పోయేదీ ఆ దారినే. పూడిక తీయండి మహాప్రభో అని జాలర్లు మొత్తుకునేది ఊరికే కాదు. ముఖద్వారం దగ్గర పది గజాల నీళ్లకు ఉన్న విలువ, బంగాళాఖాతం నడిమధ్యలో పది మైళ్ల నీళ్లకు ఉండదు.

బ్రౌన్ ట్రౌట్ కాపు వేసేది సరిగ్గా అక్కడే. అన్ని ట్రౌట్లూ సముద్రంలోకి దిగవు. దిగినవి కూడా సాధారణంగా దూరం పోవు. నది కలిసే చోట, ఒడ్డు వెంబడి తిరుగుతూ చిన్న చేపల్నీ రొయ్యల్లాంటి వాటినీ తింటాయి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కుతాయి. గుడ్లు పెట్టాక చావవు కాబట్టి మళ్లీ కిందికి వస్తాయి. ఏళ్ల తరబడి ఇదే తంతు.

దక్షిణార్ధగోళపు నదుల్లో గెలాక్సియాస్ అని పొలుసులు లేని చిన్న చేపల ప్రజాతి ఉంది. వాటిలో కొన్ని జాతుల పిల్లలు నదిలో పుట్టి సముద్రంలోకి కొట్టుకుపోతాయి. కొన్ని నెలలు అక్కడ పెరిగి, గాజుముక్కల్లా పారదర్శకంగా ఉన్నప్పుడే గుంపులుగా తిరిగి వస్తాయి. న్యూజిలాండ్ వాళ్లు వాటిని పట్టి గుడ్డుసొనలో కలిపి అట్టులా వేసుకుంటారు. అవి పోయేదీ వచ్చేదీ ఆ ముఖద్వారం గుండానే. అలిపిరి దగ్గర కూర్చుంటే కొండెక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందరూ కంటబడతారు కదా, ట్రౌట్‌కు ఆ చిన్న చేపలు అలా దొరుకుతాయి. నది పైన కూడా వాటికి ట్రౌట్ బాధ తప్పదు. న్యూజిలాండ్ నదుల్లో కొన్ని గెలాక్సియాస్ జాతులు ఇప్పుడు ట్రౌట్ ఎక్కలేని జలపాతాల పైభాగంలోనే మిగిలాయి. ఫాక్‌లాండ్ దీవుల్లో జీబ్రా ట్రౌట్ అనే దేశవాళీ చేప ఉంది. పేరులో ట్రౌట్ ఉన్నా అది ట్రౌట్ కాదు. బ్రౌన్ ట్రౌట్ వచ్చిన నదుల్లో అది తగ్గిపోయింది.

మరి చినూక్? పిల్లగా ఉన్నప్పుడు అది కూడా నది కలిసే చోట కొన్నాళ్లు మేస్తుంది, కాదనను. తరవాత మాత్రం పెద్ద సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఒకటి నుంచి నాలుగైదేళ్లు అక్కడే చిన్న చేపలు, రొయ్యల్లాంటి క్రిల్, స్క్విడ్ తిని బలుస్తుంది. తిరిగి నది ఎక్కేటప్పుడు తిండి మానేస్తుంది. ఒక్కపొద్దు ఉండి మెట్లెక్కే భక్తుడి లెక్క, పక్కనున్న దుకాణాల వైపు చూడను కూడా చూడదు. పైకి వెళ్లి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మళ్లీ కిందికి రావడం లేదు. అది తినే తిండి విశాలమైన సముద్రం మీద పరుచుకుని ఉంటుంది, ఇరుకు దారిలో ఒకే చోట గుమికూడి ఉండదు.

అందుకే తప్పనిసరిగా ఒకటి ఎంచుకోమంటే నేను చినూక్ అంటాను.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది. ఉత్తర పసిఫిక్‌లో పింక్ సాల్మన్ సొంత గడ్డ చేపే. దాని బతుకు సరిగ్గా రెండేళ్లు. బేసి సంవత్సరాల్లో అక్కడ విపరీతంగా పెరుగుతుంది, సరి సంవత్సరాల్లో తగ్గుతుంది. బేరింగ్ సముద్రం, అల్యూషియన్ దీవుల దగ్గర గూళ్లు కట్టే కొన్ని సముద్ర పక్షులు పింక్ పెరిగిన సంవత్సరాల్లో తక్కువ పిల్లల్ని పెంచగలిగాయని పరిశోధకులు గమనించారు. పక్షి తినే చిన్న జీవుల్ని చేప ముందే ఊడ్చేస్తోందన్నమాట. అంటే పెద్ద సముద్రం కూడా చేప బరువును మోయలేక మూలిగే రోజు ఉంటుంది. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అక్కడున్నవి కోట్లకు కోట్లు. న్యూజిలాండ్ చినూక్ ఎప్పుడూ ఆ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాలేదు, పైగా ఈ మధ్య తగ్గుతోంది. పటగోనియా సంగతి అంత ధీమాగా చెప్పలేం. చినూక్ మేసే సార్డిన్ల లాంటి చిన్న చేపల్నే అక్కడి పెంగ్విన్లూ పెద్ద చేపలూ నమ్ముకున్నాయి. అక్కడ చినూక్ బాగా పెరిగితే నా ఓటు మార్చుకుంటాను.

చచ్చిన చినూక్ కుళ్లి నదికి ఎరువవుతుంది, అదొక మేలు కదా అని కొందరంటారు. సొంత గడ్డ మీద అది నిజమే, అక్కడి వాగులూ అడవులూ ఆ సముద్రపు నత్రజనికి అలవాటు పడినవే. పటగోనియా వాగులు ఎవరినీ ఎరువు అడగలేదు. అడగని సాయాన్ని మేలు ఖాతాలో రాయడం నాకు నచ్చదు.

పిల్లలు తెచ్చే ఇంకో వాదం: ప్రపంచంలోని అతి చెడ్డ వంద పరాయి జాతుల జాబితాలో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ ఉన్నాయి, చినూక్ లేదు. చూశారా సార్, మీ మాటే నిజం, అని నన్ను మెచ్చుకోబోతారు. ఆ మెప్పు నాకొద్దు. ఆ జాబితాకు ఒక్కో ప్రజాతి నుంచి ఒక్క జాతినే తీసుకున్నారు. రెయిన్‌బో ట్రౌట్, చినూక్ రెండూ ఆంకోరింకస్ ప్రజాతివే. రెయిన్‌బో ఎక్కింది కాబట్టి చినూక్‌కు చోటు లేదు. నిర్దోషి అని వదిలేసినట్టు కాదు.

పాకడంలో మాత్రం రెండూ రెండే. హిందూ మహాసముద్రం దక్షిణాన కెర్గెలెన్ దీవుల్లో ఫ్రెంచి వాళ్లు 1950లలో వదిలిన బ్రౌన్ ట్రౌట్ ఒడ్డు వెంబడి ఈదుకుంటూ ఒక నది నుంచి ఇంకో నదికి చేరుకుంటూ పోయింది. చినూక్ అయితే ఖండానికి అవతలి వైపు కూడా చేరింది.

మిగతావి క్లుప్తంగా. రెయిన్‌బో ట్రౌట్ తెచ్చి వదిలిన చాలా చోట్ల నదుల్లోనే ఉంటుంది, అర్జెంటీనా శాంటా క్రూజ్ నది లాంటి కొన్నిచోట్ల సముద్రంలోకి దిగుతుంది. అట్లాంటిక్ సాల్మన్ సముద్రంలో బోనుల నుంచి తప్పించుకునే రకం. 2018లో చిలీలో ఒక్క ఫారం నుంచే దాదాపు ఏడు లక్షలు బయటపడ్డాయి. మేత గుళికలకు అలవాటు పడిన చేప, తప్పించుకున్న వాటిలో చాలావాటి కడుపులు ఖాళీగానే ఉంటాయి. నార్వే నదుల్ని 2017 నుంచి ముంచెత్తుతున్న పింక్ సాల్మన్, సోవియట్ వాళ్లు 1956లో మొదలుపెట్టిన ప్రయత్నాల ఫలితం. దాని గురించి ఇంకోసారి.

మన ట్రౌట్ మాటేమిటని అడుగుతారు. మొన్న వేసవిలో ఊటీ వెళ్లినప్పుడు అవలాంచి వైపు పోయాం. అక్కడి హేచరీ 1907 నాటిది. నీలగిరి ట్రౌట్‌కు సముద్రం యోగం లేదు. కొండ దిగితే నీళ్లు వేడి, దానికి చల్లటి నీళ్లే కావాలి. మైదానం దానికి గోడ కట్టినట్టే.

ఇది చెప్పి పాఠం ముగించబోతుంటే పులికాట్ దగ్గరి తడ వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి అడిగాడు: "అట్లయితే జిలేబి చేప మాటేంది సార్? అది ట్రౌట్ లెక్కా, చినూక్ లెక్కా?"

జిలేబి అంటే టిలాపియా, 1952లో మన దేశానికి వచ్చింది. ట్రౌట్‌లా వేటాడే చేప కాదు, ఎక్కువగా నాచూ కుళ్లిన పదార్థమూ తింటుంది. చినూక్‌లా సముద్రయానమూ చేయదు. కానీ ఉప్పునీటికి తట్టుకుంటుంది. లోతు లేని చోట మగది అడుగున గుంత తవ్వుకుని దగ్గరికొచ్చిన చేపల్ని తరుముతుంది. ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. ఒకసారి కూర్చున్న చోటు నుంచి లేవదు.

"ట్రౌట్ బెంచీలో కూర్చోబెట్టు" అన్నాను.