పైడితల్లమ్మ జాతర: ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను

మా విజయనగరంలో దసరా కంటే పెద్ద పండగ, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ఆ రోజు పైడితల్లమ్మ సిరిమాను ఊరేగింపు, ముందు రోజు సోమవారం తొలేళ్లు అనే జాతర. ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న భుజాలెక్కి మొదటిసారి చూశాను. ఇప్పుడు మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉన్న రెండేళ్లు తప్ప ఏ ఏడూ మానలేదు. పిల్లలతో కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా చిన్నప్పుడు జాతరలో ఉన్నదల్లా ఇద్దరు మనుషులు చేత్తో తిప్పే చెక్క రాట్నం. తర్వాత జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్స్, చిన్నపిల్లల రైలు వచ్చాయి. వీటన్నిటిలో నాకు ఇప్పటికీ ఇష్టమైనది చెక్క బావిలో మోటార్ సైకిల్. వేగం తగ్గకపోతే చక్రాలు గోడకే అదుముకుని ఉంటాయి, అందుకే బండి కింద పడదు. సంగతి తెలిసినా, బండి పై అంచు దాకా వచ్చినప్పుడు చేతి కింద చెక్కలు వణుకుతుంటే గుండె ఝల్లుమంటుంది.

జెయింట్ వీల్ ఎక్కేటప్పుడు మాత్రం తొందరపడకండి. పక్కపక్క పెట్టెలు వరసగా నింపరు, ఒకటి నింపి చక్రం తిప్పి ఎదురుగా ఉన్నది నింపుతారు. బరువు ఒకవైపే పడకూడదని అలా చేస్తారు. ఆలస్యమవుతోందని ఆపరేటర్ మీద అరవడం తప్పు. ఒక ఏడాది మా పెట్టెకి అడ్డకడ్డీ కొక్కెం సరిగా పడలేదు. "ఏం కాదు, కూర్చోండి" అన్నాడతను. నేను వినకుండా పాపని దింపేశాను. టికెట్ డబ్బులు పోయాయి, బాధ లేదు. కూర్చున్న వెంటనే ఆ కడ్డీని మీ చేత్తో ఒకసారి లాగి చూడండి.

రాట్నాలు తొలేళ్ల రాత్రే ఎక్కేయండి. మంగళవారం పూర్తిగా అమ్మవారికే ఉంచుకోవాలి.

ఆవిడ మా రాజు పూసపాటి విజయరామరాజుకి చెల్లెలు. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న చనిపోయాడని తెలిసి ఆవిడా ప్రాణాలు విడిచిందని, పెద్దచెరువులో తన విగ్రహం ఉందని చెప్పిందని, దాన్ని తీసి గుడి కట్టారని పెద్దలు చెబుతారు. అందుకే ఆవిడ మాకు దేవతే కాదు, ఇంటి ఆడపడుచు.

సిరిమాను అంటే యాభై అడుగులకు పైబడిన మాను. బండి మీద ఏటవాలుగా లేపి, పై కొసన కట్టిన పీట మీద పూజారి కూర్చుంటారు. అమ్మవారు ఆయన రూపంలో ఊరు చూస్తుందని నమ్మకం. దాని ముందు పాలధార, జాలరివల, తెల్ల ఏనుగు, అంజలి రథం అనే సంప్రదాయ ఊరేగింపులు కదులుతాయి. సిరిమాను మూడు లాంతర్ల దగ్గరున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా వెళ్లి మళ్లీ గుడికి వస్తుంది, అలా మూడుసార్లు. కాబట్టి మొదటిసారి కనబడలేదని తోసుకోవద్దు. జనం మాను మీదికి అరటిపళ్లు విసురుతారు, చిన్నపిల్లలుంటే తల మీద తువ్వాలు వేయండి. మధ్యాహ్నం ఎండలోనే చోటు చూసుకోవాలి, నీళ్లు తప్పనిసరి. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. చేయి వదిలితే ఆ జనంలో వెతకడం చాలా కష్టం.

అంత జనం మీకు పడకపోతే, తర్వాతి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవానికి రండి. నిరుడు మా అమ్మని అక్కడికే తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో మూడేళ్లుగా సిరిమానుకి రాలేకపోతోంది. గట్టు మీద కూర్చుని, నీళ్లలో దీపాలు కదులుతుంటే ఇంటికి వెళ్దామని ఒక్కసారీ అనలేదు.