అపార్ట్‌మెంట్ స్టాల్‌లో ‘ఆర్థోపెడిక్’ దిండు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మొన్న శనివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే, పక్క అపార్ట్‌మెంట్ గేటు లోపల దిండ్లు అమ్మే టేబుల్ పక్కన, నన్ను ముంచిన స్టాల్‌లో ఉన్నలాంటిదే ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ వేలాడుతూ కనపడింది. రెండు నెలల నుంచి బద్ధకించి రాయనిది ఇవాళ రాస్తున్నా. బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు ఉండే మనవాళ్లు కాస్త చదవండి.

డిసెంబరులో మా అపార్ట్‌మెంట్‌లో వీకెండ్ స్టాల్స్ పెట్టారు. ఊరగాయలు, కుర్తీలు, వాటి మధ్యలో ప్లాస్టిక్ వెన్నెముక వేలాడదీసిన దిండ్ల టేబుల్. అబ్బాయి మాట తీరు చూసి “ఏ ఊరు బాబూ?” అన్నా. “మదనపల్లె అక్కా. మీరు?” అన్నాడు. హిందూపురం అన్నా. అంతే, నా బుర్ర అక్కడే పనిచేయడం మానేసింది. బెంగళూరులో తెలుగు వినపడితే సగం బేరం అయిపోయినట్టే మనకి.

శాంపిల్ దిండు మీద అరచెయ్యి పెట్టి నొక్కమన్నాడు. తీశాక గుంట నెమ్మదిగా, నాలుగైదు సెకన్లకి పూడింది. “నాసా టెక్నాలజీ అక్కా, నాసా వాళ్లు సర్టిఫై చేసింది.” ఇలా నొక్కితే నెమ్మదిగా పైకి లేచే మెమరీ ఫోమ్ పుట్టింది నాసా పనిలోనే, అది నిజం. 1966లో విమానం సీట్ల కోసం చేశారు. కానీ మన దిండ్లకి సర్టిఫికెట్లు ఇవ్వడం నాసా పని కాదు. ఆ మాట నాకు ఆరోజు తట్టలేదు. స్టిక్కర్ మీద 4,999 కొట్టేసి 1,999 అన్నాడు. రెండు తీసుకుంటే 3,600. మా ఆయనకొకటి, నాకొకటి, యూపీఐలో కొట్టేశా. ఇచ్చినవి మాత్రం గాలి తీసేసి, చాపలా చుట్టి, సీల్ వేసిన ప్యాకెట్లు.

అసలు మోసమంతా ఆ సీల్‌లోనే ఉంది. కట్ చేస్తే గానీ లోపల ఏముందో తెలీదు, కట్ చేశాక వెనక్కి తీసుకోరు.

మూడో రోజు పొద్దున మెడ పట్టేసింది. స్కూటీ వెనక్కి తీస్తుంటే తల తిరగదు, నడుం దగ్గర్నుంచి మనిషంతా తిరగాల్సొచ్చింది. కొత్త దిండు కదా, అలవాటు పడాలేమో అనుకున్నా. పక్కన మా ఆయనకి ఏమీ కాలేదు మరి! “నీకే అన్నీ వస్తాయి” అని ఓ మాట కూడా పడింది. పది రోజులు ఓర్చుకుని ఫిజియోథెరపిస్ట్ దగ్గరికెళ్తే ఆవిడ ముందు మందూ మాకూ ఏం చెప్పలేదు. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు వెనక నుంచి ఒక ఫోటో తీయించుకు రమ్మంది.

ఆ ఫోటో చూస్తే నాకే నవ్వొచ్చింది. వెన్ను తిన్నగానే ఉంది, మెడ మాత్రం వంకాయ తొడిమలా పైకి వంగి ఉంది. పక్కకి పడుకునేవాళ్లకి భుజానికీ తలకీ మధ్య ఉన్న ఖాళీని దిండు నింపాలి. అంతకంటే ఎత్తయితే తల పైకి లేస్తుంది, తక్కువైతే కిందికి వాలుతుంది. రాత్రంతా అలా లాగి పట్టుకుని ఉంటే కండరం పట్టేయక ఏం చేస్తుంది? మా ఆయనవి వెడల్పు భుజాలు, ఆయనకి ఆ ఎత్తు సరిపోయింది. నావి కావు. పైగా మా పరుపు మెత్తన. భుజం అందులోకి దిగిపోతుంది కాబట్టి నాకు ఇంకా తక్కువ ఎత్తు చాలు. అందరికీ ఒకే ‘సర్వైకల్’ దిండు, అంటే మెడ దిండు, అన్నప్పుడే అనుమానం రావాల్సింది. ఆర్థోపెడిక్ అన్న మాట ఎవడైనా అచ్చేయించుకోవచ్చు, అది డాక్టర్ రాసిన చీటీ కాదు.

ఎత్తు సరే, ఇంత గట్టిగా ఎందుకుందని ఆ రాత్రే గలీబు తీసి, జిప్పు లాగి, లోపలి కుట్టు కత్తెరతో విప్పా. పైన బొటనవేలి మందాన తెల్లటి మెత్తటి పొర. దాని కింద గులాబీ, నీలం, పసుపు ఫోమ్ ముక్కలు జిగురేసి అదిమిన దిమ్మ. గోరుతో గీకితే రంగురంగుల పొట్టు రాలింది. రీబాండెడ్ ఫోమ్ అంటారు దీన్ని. పరుపులో అడుగున వేస్తే తప్పేం లేదు, తల కింద పెడితే మాత్రం చెక్కపీటే. నొక్కి చూశా. చెయ్యి తియ్యగానే టక్కున పైకి లేచింది. టేబుల్ మీద పెట్టిన శాంపిల్ వేరు, ప్యాకెట్‌లో చుట్టిచ్చిన సరుకు వేరు.

ఫోన్ చేస్తే “సీల్ కట్ చేశారు కదక్కా, హైజీన్ ఐటం, రిటర్న్ ఉండదు” అన్నాడు. 500 వేసుకుంటే వేరే మోడల్ ఇస్తాడట! తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశా, తెలుగులోనే మాట్లాడారు. కానీ ఎవరి మీద ఫిర్యాదు అంటే నా దగ్గర ఏముంది? పేరూ ఊరూ లేని చీటీ, యూపీఐ స్క్రీన్‌షాట్. ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, తయారైన నెల, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు ఉండి తీరాలని రూలు. నా ప్యాకెట్ మీద ఉన్నదల్లా నిద్రపోతున్న ఒక విదేశీ అమ్మాయి బొమ్మ.

కాబట్టి ముందు బిల్లు అడగండి, అంగడి చిరునామాతో సహా. బిల్లులో ఏ గడువూ రాయకపోతే, లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోను అనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. ఆన్‌లైన్‌లో కొన్నా, ‘ఇన్ని రాత్రుల ట్రయల్’ అని ఉంటే షరతులు కొనకముందే చదవండి, డబ్బా పారేయకండి. ఫిర్యాదు పెట్టిన 48 గంటల్లో అందిందని ఆ ఆన్‌లైన్ కంపెనీ వాళ్లు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. సీల్ కట్ చేసేటప్పుడు వీడియో తీసుకోండి. నేను తీసుకోలేదు.

ఇక ఎత్తు సంగతి. భుజం గోడకి ఆనించి పక్కగా నిలబడండి, గోడకీ తలకీ మధ్య ఖాళీని ఎవరితోనైనా స్కేలుతో కొలిపించండి. నాకు నాలుగున్నర అంగుళాలు వచ్చింది. మెత్తటి పరుపైతే అందులోంచి కాస్త తగ్గించుకోవాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకి ఇంకా తక్కువ ఎత్తు కావాలి. బోర్లా పడుకునేవాళ్లయితే పల్చటిది, అసలు లేకపోయినా నయమే. కొనేముందు స్నానం తువ్వాళ్లు మడతపెట్టి రెండు మూడు రాత్రులు పడుకుని చూడమంది ఫిజియో. ఒక్కో మడత తీస్తూ, వేస్తూ పోతే మీ ఎత్తు మీకే దొరుకుతుంది. నాకు మూడున్నర అంగుళాల దగ్గర మెడ ఊరుకుంది. దాంతో అమ్మ పంపిన బూరుగు దూది దిండు విప్పి, సగం దూది తీసేసి మళ్లీ కుట్టుకున్నా. నెలకోసారి ఎండలో వేసి దులపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. అంతకుమించి బాధ లేదు.

అసలైన మెమరీ ఫోమ్ చెడ్డదని నేననను. కాకపోతే అది చలికి బిగుస్తుంది, ఒంటి వేడికి మెత్తబడుతుంది. అంగట్లో మధ్యాహ్నం నొక్కి చూసినంత మెత్తగా మన డిసెంబరు రాత్రుల్లో పడుకోగానే ఉండదు. అది లెక్కలో పెట్టుకోండి.

ఇంకోటి, మెడనొప్పితో పాటు చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా దిండ్లు మారుస్తూ కూర్చోకండి, డాక్టర్‌కి చూపించండి.

మీ అపార్ట్‌మెంట్‌లో ఈ ప్లాస్టిక్ వెన్నెముక స్టాల్ పెట్టి ఉంటే, అసోసియేషన్ వాళ్లు స్టాల్ అద్దె తీసుకున్నప్పుడు చిరునామా రాయించుకునే ఉంటారు. ఎవరి దగ్గరైనా అది ఉంటే నాకు చెప్పండి. ఆ దిమ్మ, యూపీఐ స్క్రీన్‌షాట్, ఫోటోలు అన్నీ దాచి ఉంచా. ఫిర్యాదు మళ్లీ పెడతా.