కాన్పు తర్వాత ఆగని రక్తం: కుట్టా, ధమని ముడా, గర్భసంచి తొలగింపా?

కాన్పు కాగానే గర్భసంచి గట్టిపడాలి. అది మెత్తగా ఉండిపోతే రక్తం ధారకడుతుంది. గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, ఏర్పడిన రక్తపుగడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, లోపల పెట్టే బెలూన్ ఫలించకపోతే ఆపరేషనే గతి. నిండు గర్భంలో నిమిషానికి అర లీటరు పైచిలుకు రక్తం గర్భసంచికి చేరుతుంది కాబట్టి తర్జనభర్జనలకు వ్యవధి ఉండదు.

సిజేరియన్‌లో ఎలాగూ పొట్ట తెరిచే ఉంటుంది. అప్పుడు నా ఓటు బి-లించ్ కుట్టుకే. బ్రిటన్‌లో పనిచేసిన క్రిస్టఫర్ బి-లించ్ దీన్ని 1997లో ప్రచురించారు. గర్భసంచి పైభాగం మీదుగా రెండు పక్కలా దారం తిప్పి, భుజాలకు వేసుకునే పట్టీల్లా బిగిస్తారు. దీని గొప్ప సుగుణం ముందస్తు పరీక్ష: సర్జన్ రెండు చేతులతో గర్భసంచిని నొక్కి పట్టుకుంటే, సహాయకుడు కింద యోని నుంచి రక్తం ఆగిందో లేదో చూస్తాడు. ఆగితే కుట్టు పనిచేస్తుందని నమ్మవచ్చు. ఆగకపోతే వేరే దారి వెతకాలి. ఇలాంటిదే అయిన 2002 నాటి హేమాన్ కుట్టుకు గర్భసంచిని కోయనక్కరలేదు, సాధారణ కాన్పు తర్వాత అదే సులువు. కానీ కోయకపోతే లోపల మాయ ముక్కలు మిగిలాయేమో కళ్లారా చూడలేం.

గర్భాశయ ధమనులకు ముడి వేయడం కుట్టుకు పోటీ కాదు, తోడు. సిజేరియన్ కోత పక్కకు చీలినప్పుడైతే మొదట చేయాల్సింది ఇదే.

కటిభాగానికి రక్తం తెచ్చే అంతర ఇలియాక్ ధమని ముడికి ఉన్న పేరు పెద్దది, నాకు మాత్రం దానిపై మోజు లేదు. పక్కనే మూత్రనాళం, కిందే పెద్ద సిర. పైగా రక్తప్రవాహం పూర్తిగా ఆగదు, సుమారు సగానికి తగ్గుతుంది. చేయి తిరిగిన సర్జన్ ఉంటే, గర్భసంచి తీసినా కారుతూనే ఉన్నప్పుడు అక్కరకొస్తుంది.

ఇక గర్భసంచి తొలగింపు. దాన్ని చిట్టచివరి అస్త్రంగా దాచిపెట్టి, రక్తం గడ్డకట్టే గుణం కోల్పోయాక తీయడం ప్రాణాంతకం. మాయ గర్భసంచి గోడలోకి లోతుగా పాతుకుపోయిన కేసుల్లో చాలావరకు ఇదే సరైన మొదటి నిర్ణయం. సంతానయోగ్యత పోతుంది, నిజమే. అండాశయాలను మాత్రం సాధారణంగా అలాగే ఉంచుతారు, కాబట్టి నెలసరి ఆగినా హార్మోన్లు ఆగవు. ఈ సంగతి కుటుంబానికి విడమరచి చెప్పాలి.