బంక నేలలోనా, కొండవాలులోనా? గేటు నుంచి ఇంటి దాకా కారు దారికి ఏది మేలు?

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తగా ఇళ్లు లేస్తున్న స్థలాలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి నిన్నమొన్నటి దాకా వరి పండిన పల్లం, చెరువు కింద పొలాలు లేఅవుట్ అయినవి. పైన రెండడుగుల గ్రావెల్ పోసి చదును చేసి అమ్ముతారు గానీ కింద ఉండేది బంకమట్టే. రెండోది కొండ మొదట్లో ఉండే మెట్ట, శృంగవరపుకోట వైపు, రామతీర్థం వైపు చూస్తుంటాం కదా, రోడ్డు ఒక ఎత్తులో, ఇల్లు ఒక ఎత్తులో. ఈ రెండు చోట్లకీ సీసీ (సిమెంటు కాంక్రీట్) గురించి తాపీమేస్త్రి చెప్పే మాట మాత్రం ఒకటే ఉంటుంది: "నాలుగంగుళాల సీసీ పోసేద్దామండి, కారే కదా ఎక్కేది." చాలామంది అక్కడితో సరే అనేస్తారు. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి మధ్యలో నిలువునా చీలిక, అంచు దగ్గర ఎత్తుపల్లాలు, వాలు దారి అయితే కింది కొస విరిగి గేటు మీదకి జరగడం.

మన ముందున్న దారులు నాలుగు. రాడ్ లేని మామూలు సీసీ, రాడ్ కట్టి ముక్కలు ముక్కలుగా పోసే సీసీ, పేవర్ బ్లాకులు, చక్రాలు నడిచే మేరకే రెండు సిమెంటు పట్టీలు. నా తీర్పు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. కొత్తగా పూడ్చిన పల్లం ప్లాటులో ముందు పేవర్ బ్లాకులు మేలు. నేల కుదురుకుని అడుగు గట్టిగా చేయించుకోగలిగితే రాడ్ కట్టిన సీసీ ఇంకా మేలు. వాలు ఉన్న చోట రాడ్ కట్టిన సీసీ తప్ప వేరేది వద్దు. రాడ్ లేని నాలుగంగుళాల సీసీ గట్టి ఎర్రమట్టి, చదునైన స్థలం, చిన్న కారు ఉన్నవాళ్లకి సరిపోతుంది, మిగతావాళ్లకి కాదు.

బంకమట్టి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. వేసవిలో అది ఎండి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానలు పడగానే ఉబ్బుతుంది. నల్లరేగడిలో మోంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఉంటుంది, దాని పొరల మధ్యకి నీళ్లు దూరి మట్టిని పైకి నెడతాయి. ఆ నెట్టుడుకి ఒక్కోసారి ఇంటి గోడలే పగుళ్లిస్తాయి, నాలుగంగుళాల సీసీ చదరపు అడుగుకి పాతిక కేజీలు కూడా ఉండదు, అదేం ఆపుతుంది? పైగా ఉబ్బు అంతటా ఒకేలా రాదు. వానకి ముందు తడిసేది అంచుల కింది మట్టి, వేసవిలో ముందు ఎండేదీ అదే. సీసీ మధ్య భాగం కింద తేమ ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. అంచులు లేస్తూ దిగుతూ, మధ్య కదలకుండా ఉంటే చీలిక నిలువునా రాక ఇంకెలా వస్తుంది?

అయితే బంకగా ఉన్న ప్రతి మట్టీ ఇలా ఉబ్బదు. మన ఎర్రమట్టిలో జిగురున్నా ఉబ్బు తక్కువే. తేల్చుకోవడానికి ఒక చవకైన పరీక్ష ఉంది, సివిల్ ఇంజినీరింగ్ ల్యాబుల్లో ఇదే చేస్తారు. ఒకటిన్నర అడుగు లోతు నుంచి (పైన గ్రావెల్ పోసి ఉంటే దాని కింది నుంచి) మట్టి తీసి, బాగా ఎండబెట్టి, నలిపి, సన్న జల్లెడ పట్టి, గీతలున్న రెండు గాజు గొట్టాల్లో 10 గ్రాముల చొప్పున వేయాలి. ఒకదాంట్లో నీళ్లు, రెండో దాంట్లో కిరోసిన్ పోసి, బుడగలు పోయేలా కలిపి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, కాబట్టి అదే మన కొలత. కిరోసిన్‌లో మట్టి 10 గీత దగ్గర, నీళ్లలో 15 దగ్గర నిలిస్తే 50 శాతం ఉబ్బినట్టు. 50 లోపు అయితే మామూలు జాగ్రత్తలు చాలు. 100 దాటితే ఆ మట్టి మీద నేరుగా ఏదీ పోయకండి, ఎంత మందం పోసినా సరే.

మట్టి ఉబ్బే రకమని తేలితే, కనీసం ఒకటిన్నర అడుగు తవ్వి తీసేసి గ్రావెల్ నింపాలి. ఒకేసారి ట్రాక్టర్ లోడు కుమ్మరించి పైన జేసీబీ తిప్పేస్తే అది నింపడం కాదు. ఆరేసి అంగుళాల పొరగా పరచి, తగుమాత్రం తడిపి, ఎర్త్ ర్యామర్ (మట్టిని కొట్టి గట్టిపరిచే మెషిన్) అద్దెకి తెచ్చి కొట్టించాలి, చిన్న జాగా అయితే దిమ్మిసతో. గ్రావెల్ గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, చేతికి నీరు అంటకూడదు, అదే సరైన తడి. ఈ పొర సీసీ అంచు దాటి రెండు పక్కలా అడుగు చొప్పున బయటికి ఉండాలి, అప్పుడే అంచుల కింద మట్టి తడవడం ఎండడం తగ్గుతుంది. తవ్విన మట్టి ఎక్కడ పడెయ్యాలో తెలియని చోట ఆ మట్టిలోనే 3 నుంచి 5 శాతం సున్నం బాగా కలిపి మళ్లీ కొట్టించే పద్ధతి ఉంది, అదీ పనిచేస్తుంది, కానీ కలపడం చక్కగా జరగాలి, కూలీలు పార తిప్పి వదిలేస్తే లాభం లేదు.

ఇక్కడ మేస్త్రులతో నాకు పడని విషయం ఒకటుంది. బంక మీద అరడుగు ఇసుక పరిచేస్తే అంతా సర్దుకుంటుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఇసుకలోకి దిగిన వాననీరు కింద బంక దగ్గర ఆగిపోతుంది, ఎటూ పోలేక అక్కడే నిలుస్తుంది, అంటే మనమే ఆ మట్టికి తొట్టి కట్టి నీళ్లు పోసినట్టు. నాగావళి ఇసుక, వంశధార ఇసుక కాంక్రీట్‌లో పడాలి గానీ బంక మీద పరుపుగా కాదు.

సరే, అడుగు సిద్ధమైంది. పల్లంలో పేవర్లా, సీసీనా? ప్లాటు పూడ్చి ఏడాది రెండేళ్లే అయితే అది ఇంకా దిగుతుంది, ఎవరు ఎంత కొట్టించినా కొంత దిగుతుంది. పేవర్ బ్లాకులు ఆ దిగుడుని తట్టుకుంటాయి, కుంగిన చోట తీసి, గ్రావెల్ నింపి, మళ్లీ అవే బ్లాకులు పేర్చుకోవచ్చు, సీసీకి ఆ వీలు లేదు. కారుకి 60 ఎమ్ఎమ్ సరిపోతుంది, ధాన్యం ట్రాక్టరో వాటర్ ట్యాంకరో లోపలికి వచ్చే ఇల్లయితే 80 ఎమ్ఎమ్ తీసుకోండి. పక్కల సిమెంటు కర్బ్ లేకుండా మాత్రం వేయించకండి, అంచు వదులైతే వరసలు ఒక్కొక్కటిగా విడిపోతాయి. పేవర్లలో లోటు ఏమిటంటే సందుల్లోంచి నీరు కిందకి దిగుతుంది, కాబట్టి కింది గ్రావెల్ పొరకి ఒక పక్కకి కాస్త వాలు ఇచ్చి ఆ నీరు కాలువలోకి పోయేలా చేయాలి.

సీసీనే కావాలంటే ఐదంగుళాలకి తగ్గకండి. లెక్క చూడండి: 10 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు దారికి ఐదంగుళాల మందం అంటే సుమారు 167 ఘనపుటడుగులు, ఎం20 మిక్స్‌కి అంటే సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, చిప్స్ (కంకర) మూడు పాళ్లకి దాదాపు 38 బస్తాల సిమెంటు. నాలుగంగుళాలకి దిగితే మిగిలేది ఎనిమిది బస్తాలు, దానికి తగ్గ ఇసుక, చిప్స్. ఆ ఎనిమిది బస్తాల కోసం ఐదో వంతు మందం వదులుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. రాడ్ 8 ఎమ్ఎమ్, నిలువునా, అడ్డంగా ఎనిమిదేసి అంగుళాల దూరం, పైన లెక్కేసిన దారికి సుమారు 150 కేజీలు. రాడ్ ఉంటే పగలదని కాదు, పగిలినా ఆ పగులు నోరు తెరవదు, ఒక ముక్క పైకి ఒక ముక్క కిందకి పోదు, అంతే. అది కూడా రాడ్ మందంలో మధ్యకన్నా కాస్త పైన ఉంటేనే. నేల మీద పరిచేసి, పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం అంటారు, తర్వాత అదే రాడ్‌ని తొక్కుకుంటూ నడుస్తారు. రాడ్‌ని ఎత్తి నిలిపే కవర్ బ్లాకులు, రాడ్ కుర్చీలు పెట్టించి, కట్టు మీరు దగ్గరుండి చూసుకుని, అప్పుడే కాంక్రీట్ కలిపే మిల్లర్ తిప్పమనండి.

రాడ్ కన్నా ముఖ్యం జాయింట్లు. 10 అడుగులకి ఒకటి చొప్పున, మందంలో పావు వంతు లోతు, పోసిన మర్నాడు పొద్దున్నే కటింగ్ మెషిన్‌తో గీయించేయాలి, ఎండ ముదిరిన రోజుల్లో అదే రాత్రి అయినా సరే. కాంక్రీట్ ఎలాగూ కుంచించుకుంటుంది, ఎక్కడ చీలాలో మనం చెప్పకపోతే అదే తేల్చుకుంటుంది. ఆ గీతల్ని తర్వాత సీలెంట్‌తో నింపకపోతే బంక నేలలో అవే నీళ్లు దిగే దారులవుతాయి. దారికి ఆనుకుని యూకలిప్టస్, సరుగుడు, వేప లాంటి పెద్ద చెట్లుంటే ఇంకా జాగ్రత్త, వేసవిలో వేర్లు కింది మట్టిలో తేమంతా లాగేసి ఆ పక్క కుంగేలా చేస్తాయి.

ఇక కొండవాలు. ఇక్కడ మట్టి మనకి అనుకూలంగానే ఉంటుంది చాలాసార్లు, ఎర్రమట్టి, కింద గట్టి రాయి. ఇబ్బంది వాలుతోనూ నీటితోనూ. 40 అడుగుల పొడవులో 6 అడుగులు ఎక్కితే 15 శాతం, రోజూ హాయిగా ఎక్కి దిగొచ్చు. 8 అడుగులంటే 20 శాతం, అది పై హద్దు, దాటితే వానలో టైరు తిరుగుతుంది గానీ కారు ఎక్కదు. అలాంటప్పుడు దారిని వంపు తిప్పి పొడవు పెంచుకోవడమే. మొదట్లో, చివర్లో ఎనిమిదేసి అడుగుల మేర వాలు సగానికి తగ్గించకపోతే బంపరో కారు అడుగో గీసుకుంటుంది.

వాలు మీద పేవర్లు ఎందుకు వద్దంటున్నానంటే, వాటి కింద ఉండేది అంగుళం, అంగుళంన్నర ఇసుక పరుపు. మన వానలకి సందుల్లో దిగిన నీరు ఆ ఇసుకని పట్టుకుని కిందకి జారుతుంది, రోజూ బ్రేకు పడే చోట బ్లాకులు ముందుకి జరుగుతాయి. ఆపడానికి రెండు పక్కలా కర్బులు, మధ్య మధ్య అడ్డ బీములు, కింద గట్టి అంచు కట్టాలి. అవన్నీ కట్టే ఖర్చుకి సీసీనే అయిపోతుంది. టెక్కలి వైపు గ్రానైట్ ముక్కలు చవగ్గా దొరుకుతాయని వేయించే వాళ్లూ ఉన్నారు. గరుకు ముక్కలైతే చదునులో పర్లేదు, పాలిష్ ఉన్నవి మాత్రం వాలు మీద పెట్టకండి, మనిషే జారిపడతాడు. రెండు పట్టీల పద్ధతి వంద అడుగులకి పైగా పొడవున్న దారికి, గట్టి నేలకి బాగుంటుంది, సిమెంటు సగానికి సగం మిగులుతుంది, కానీ మధ్య జాగాలో రాళ్లు పరిచి బిగించకపోతే రెండు వానలకి అది చిన్న గెడ్డ (వాగు) అయిపోతుంది. బంక నేలలో పట్టీలు అసలే వద్దు, రెండంచుల చోట నాలుగంచుల నుంచి నీరు దిగుతుంది.

వాలు మీద సీసీ వేసేటప్పుడు నేను పట్టుబట్టేది మూడు చోట్ల. కింది కొసన అడుగు వెడల్పు, ఒకటిన్నర రెండడుగుల లోతు తవ్వి, రాడ్ దాంట్లోకి వంచి, సీసీతో కలిపే పోయాలి, దారి బరువంతా జారకుండా పట్టేది అదే. రెండోది, కొండని సగం తవ్వి సగం పూడ్చి చదును చేసిన దారుల గురించి. తవ్విన వైపు రాయిలా ఉంటుంది, పూడ్చిన వైపు దిగుతుంది, సరిగ్గా ఆ రెండూ కలిసే గీత మీద సీసీ విరుగుతుంది. పూడ్చే ముందు పాత వాలుని మెట్లు మెట్లుగా కోసి, పొరలు పొరలుగా కొట్టించి, ఆ గీత మీదే ఒక జాయింట్ వచ్చేలా చూసుకోవాలి. మూడోది నీరు. ఎగువ పక్క కాలువ లేకుండా వాలు దారి నిలబడదు, కొండ నుంచి వచ్చే నీరు సీసీ కిందకి దూరితే మందం ఎంతైనా అడుగు ఖాళీ అయిపోతుంది. ఇల్లు రోడ్డు కన్నా కిందుంటే గేటు దగ్గర చిన్న గుబ్బ, పోర్టికో ముందు జాలీతో అడ్డ కాలువ, ఈ రెండూ తప్పనిసరి.

పోత కింద నుంచి పైకి సాగాలి. మిక్స్ గట్టిగా ఉండాలి, ఎం20కి బస్తాకి 30 లీటర్లకి మించి నీళ్లు వద్దు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. జారుడుగా కలిపితే వాలు మీద పోసింది పోసినట్టే కిందకి దిగి కింది కొసన పొట్టలా తేలుతుంది. పైన నున్నగా తాపీ పట్టించకండి, వాలుకి అడ్డంగా గట్టి చీపురు గీతలు చాలు. చదును దారికైతే మడులు కట్టి నీళ్లు నిలపొచ్చు, వాలుకి అది కుదరదు, గోనెసంచులు కప్పి రోజుకి నాలుగైదుసార్లు తడపాలి, పీపీసీ (ఫ్లైయాష్ కలిసిన) సిమెంటు అయితే పది రోజులకి తగ్గకుండా. కారు వారం తర్వాత ఎక్కించొచ్చు, ఇసుక లారీని 28 రోజులు గేటు బయటే ఆపండి.

కాలం విషయానికొస్తే, సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి, తవ్వి ఉంచిన గుంతలో అలాంటి వాన నిలిస్తే కింద మట్టి నెల రోజులు ఆరదు. మే ఎండల్లో పోస్తే పైపొర గంటలోనే ఆరి వెంట్రుక పగుళ్లు వస్తాయి. డిసెంబరులో తవ్వి, గ్రావెల్ కొట్టించి, సంక్రాంతికి వెళ్లిన కూలీలు తిరిగొచ్చాక జనవరి చివర, ఫిబ్రవరిలో పోయించుకుంటే అన్నీ కలిసొస్తాయి. పోసే ముందు మాత్రం దారికి అడ్డంగా నాలుగంగుళాల పీవీసీ పైపు రెండు చోట్ల వేసి, కొసలు మూసి ఉంచండి, రేపు కుళాయి లైనో కరెంటు కేబులో ఇంటర్నెట్ వైరో వేయాలంటే సీసీ కొట్టే పని ఉండదు.